చింతచెట్టు నుంచి విత్తన గోతాంలోకి: పెనుమూరు మండలంలో ఒక పుచ్చు కేసు

పెనుమూరు మండలంలోని ఒక పల్లెలో విత్తనానికని దాచుకున్న వేరుశనగ కాయలు ఏరువాక వేళకు తూట్లు పడి బయటపడ్డాయి. రైతు అరవై దాటిన పెద్దాయన. వర్షాధారంగా ఏటా కదిరి-6 రకం వేరుశనగ వేస్తారు, కాస్త మామిడి ఉంది, ఇంటి వెనుక తాత నాటి చింతచెట్టు ఉంది. దుకాణంలో ఇచ్చిన మలాథియాన్ పురుగుమందును గోతాల మీద చల్లించారు. పైన తిరుగుతున్న పురుగు చచ్చింది, నెల దాటేసరికి మళ్లీ అంతే పురుగు కనిపించింది. మళ్లీ చల్లించారు, మళ్లీ వచ్చింది. "మందు కల్తీదేమో కాస్త చూసి చెప్పండి మేడమ్" అని ఆయన కొడుకు ఫోను చేశాడు. నిల్వ గింజల పురుగుల విషయంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతులకు, చిన్న విత్తన వ్యాపారులకు సలహా ఇవ్వడం నా వృత్తి. వచ్చే ఫోన్లలో సగం మందు మీద అనుమానంతోనే మొదలవుతాయి.

మందులో లోపం లేదు. గోనె మీద చల్లిన మందు గోనె మీద నడిచే పురుగును చంపుతుంది. కాయకు అతికించిన గుడ్డుకు, కాయ లోపల గింజ తింటున్న పిల్ల పురుగుకు అది చేరదు. ఆ సంగతి ఫోనులోనే చెప్పేసి ఊరుకోవచ్చు. నన్ను పల్లె దాకా రప్పించింది కొడుకు పంపిన ఫొటో. గోనె మడతల్లో తెల్లగా, పలుచటి కాగితం చుట్టినట్టున్న చిన్న గూళ్లు అందులో ఉన్నాయి. కందుల్లో, అలసందల్లో పట్టే పుచ్చు పురుగు అలాంటి గూడు కట్టదు.

పురుగును గుర్తుపట్టడం

ఇంట్లో అందరూ దీన్ని పప్పుధాన్యాల పుచ్చు పురుగే అనుకున్నారు. ఊళ్లో ఎవరిని అడిగినా అదే అంటారు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ పోలిక తక్కువ. అలసంద పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. వేరుశనగ గోతాంలో దొరికినవి దానికి దాదాపు రెట్టింపు. ఒళ్లు ఎర్రమట్టి రంగు, దాని మీద ముదురు మచ్చలు. వెనుక కాలి తొడ లావుగా ఉబ్బి, దాని అంచున దువ్వెన పళ్లలా వరుసగా ముళ్లు ఉంటాయి. తాకితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరిపోతుంది.

శాస్త్రవేత్తలు దీన్ని కారియెడాన్ సెర్రేటస్ అంటారు. కొన్ని పుస్తకాల్లో కారియెడాన్ గొనాగ్రా అని ఉంటుంది. తల్లి పురుగు గుడ్లను ఒక్కొక్కటిగా కాయ పైపెంకుకు అతికిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు బయట తిరగకుండా గుడ్డు అడుగు నుంచే పెంకును తొలిచి గింజలోకి దిగుతుంది. తినడం పూర్తయ్యాక అలసంద పురుగులా గింజలోనే కోశస్థ దశకు, అంటే కదలకుండా రెక్కల పురుగుగా మారే దశకు, వెళ్లదు. చాలా వరకు సుమారు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొచ్చి, కాయ మీదో గోనె మడతలోనో గోడ పగుల్లోనో గూడు కట్టుకుంటుంది. రెక్కల పురుగు గోతాంలో ఏమీ తినదు, దాని పనల్లా జతకట్టడం, గుడ్లు పెట్టడమే. 30 నుంచి 33 డిగ్రీల వేడి, గాలిలో తేమ కలిస్తే నెలన్నరకు ఒక తరం పూర్తవుతుంది. వేసవి చివర మన పెంకుటిళ్ల గదుల్లో ఉండేది దాదాపు ఆ వాతావరణమే.

రంధ్రం పడ్డ కాయ విత్తనానికి పనికిరాదన్నది ఒక నష్టం. తొలిచిన గింజ నూనెలో ఆమ్లం పెరుగుతుంది, ఆ రంధ్రం బూజుకు దారి ఇస్తుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే రకమైతే ఆ కాయ గానుగకు గానీ పశువుల దాణాకు గానీ పోకూడదు. విత్తనానికి పోగా మిగిలింది ఇంట్లో వేయించుకుని తింటామని పెద్దావిడ చెప్పినప్పుడు, పుచ్చు కాయలన్నీ వేరు చేసి పారేయాల్సిందేనని గట్టిగా చెప్పాను. ఆమెకు అది నచ్చలేదు. గింజ పారేసే ఇల్లు కాదది.

ఇంటి లోపల, ఇంటి వెనుక

కాయలున్న గదిలోనే ఒక మూల చింతగింజల కుప్ప ఉంది. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చింతపండు కొట్టి, గింజ తీసి, పండును అమ్మేస్తారు. గింజలు మాత్రం బేరగాడు వచ్చేదాకా అలా పడి ఉంటాయి. చింతగింజల పిండి నూలుకు, జనపనారకు గంజిగా పోతుంది కాబట్టి వాటికీ ఒక ధర ఉంది, కానీ వాటి కోసం ఎవరూ తొందరపడరు. ఆ కుప్పను కదిపితే అడుగున అవే తెల్లటి గూళ్లు, అవే లావు తొడల పురుగులు.

చెట్టు కాపును ఆ ఏడాది గుత్తకు ఇచ్చారు. గుత్తదారు ఆలస్యంగా వచ్చి, అందినంత దులుపుకుని వెళ్లాడు. కొమ్మల చివర మిగిలినవీ, నేలరాలి ఎండినవీ అలాగే ఉండిపోయాయి. రాలిన కాయలను పగలగొట్టి చూస్తే చాలావాటిలో గింజ డొల్ల. ఇక వేరుశనగ కాయలను ఎండబెట్టే కళ్లం ఉన్నది ఆ చెట్టు పక్కనే, సాయంత్రానికి నీడ సగం కళ్లాన్ని కప్పేస్తుంది. ఈ పురుగు తిరిగేది, గుడ్లు పెట్టేది ఎక్కువగా పొద్దు వాలాకే. చింత మీంచి వేరుశనగకు రావడానికి దానికి పెద్ద ప్రయాణం అక్కర్లేదు.

గదిలో కాయలు ఒకే వయసువి కావు. ముందటి ఏడు ఖరీఫ్‌లో వాన అదునుకు పడలేదు. కొంత విత్తనం వేసి, అదును దాటాక మిగిలినదాన్ని ఆపేశారు. ఆ ఆగిన గోతాలు పారేయడానికి మనసొప్పక, తర్వాతి ఏడు కొత్త కాయలు వచ్చినా గదిలోనే ఉన్నాయి. అంటే ఆ పాత గోతాల్లోని పురుగుకు రెండు వేసవులు అడ్డు లేకుండా వేరుశనగే దొరికింది. ఈ వివరం ఇంట్లో వాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, చెప్పదగ్గ సంగతి అనుకోలేదు. గోతాం మూతికి కట్టిన తాడు రంగు వేరుగా ఉందేమిటని అడిగితే బయటికొచ్చింది. నా దృష్టిలో ఈ కేసుకు కీలకం ఇదే.

ఎవరు స్థానికులు, ఎవరు వలస

చింత మనదే అనుకుంటాం. వృక్షశాస్త్రం లెక్కలో దాని పుట్టిల్లు ఆఫ్రికా ఉష్ణమండలం. మన నేలకు ఎంత ప్రాచీన కాలంలో వచ్చిందో గానీ, ఇప్పుడు చారు లేని వంటిల్లు, చింత లేని ఊరు లేవు. వేరుశనగ దక్షిణ అమెరికాది. సముద్ర వర్తకంలో పోర్చుగీసుల కాలం నుంచి ఆఫ్రికా, ఆసియా ఖండాలకు చేరింది. రాయలసీమ మెట్ట భూముల్లో అది ప్రధాన పంటగా నిలదొక్కుకోవడం ఇంకా ఇటీవలి సంగతి. దశాబ్దాల పాటు మన రైతులు వేసిన టీఎంవీ-2 రకం 1940లో తమిళనాడులోని తిండివనంలో విడుదలైంది. చిత్తూరుకు దగ్గరలోని గుడియాత్తం పేరుతో పిలిచే, గుత్తిగా కాసే వేరుశనగ రకం నుంచి దాన్ని ఎంపిక చేశారు. ఇప్పుడు తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి నారాయణి, ధరణి లాంటి రకాలు వచ్చాయి.

కారియెడాన్ అసలు తిండి చింత, ఆరె, రేల వంటి చెట్ల కాయలు. వేరుశనగ ఆఫ్రికాకు చేరిన తర్వాత కూడా చాలా కాలం ఈ పురుగు దాన్ని ముట్టినట్టు రాతల్లో లేదు. 20వ శతాబ్దం తొలి దశకాల్లో సెనెగల్‌లో నిల్వ వేరుశనగ మీద దీన్ని నమోదు చేశారు. ఆ దేశంలో వేరుశనగ అప్పటికి పెద్ద ఎగుమతి పంట, కొండల్లా పోసిన నిల్వలు నెలల తరబడి ఉండేవి. ఆ తర్వాత అక్కడ జరిగిన జన్యు పరిశీలనల్లో, వేరుశనగ మీద బతికే పురుగులకూ అడవి చెట్ల కాయల మీద బతికే పురుగులకూ మధ్య తేడాలు కనిపించాయి. ఒకే జాతిలో తిండిని బట్టి కొమ్మలు చీలడం మొదలైందన్నమాట.

మన జిల్లాల్లో పంటకూ పురుగుకూ మధ్య ఇలాంటి కలయికలు మూడు తీరులుగా కనిపిస్తాయి, వాటిని కలగలిపి మాట్లాడటం వల్లే సలహాలు తప్పుతాయి. పంట ముందొచ్చి, దాని పాత శత్రువు తర్వాత వెతుక్కుంటూ రావడం ఒకటి. టమాటా, ఆకుల్లో సొరంగాలు తవ్వే టూటా రెండూ దక్షిణ అమెరికావే, ఆ పురుగు మన దేశంలో 2014లో బయటపడింది. మొక్కజొన్న మీద కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో కనిపించి, కొద్ది నెలల్లోనే మన వైపు వచ్చేసింది. ఈ పురుగులు ఇక్కడికొచ్చి కొత్తగా నేర్చుకున్నది పెద్దగా లేదు, పాత పరిచయం మళ్లీ కలిసింది. ఇక రెండోది బయటి పురుగు వచ్చి ఇక్కడ దొరికిన ప్రతిదాన్నీ పట్టడం. 2008లో కోయంబత్తూరులో కనిపించిన బొప్పాయి పిండినల్లి మల్బరీని, కర్రపెండలాన్ని, చివరకు వయ్యారిభామను కూడా వదలలేదు. మూడోది మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పురుగు, కొత్తగా వచ్చిన మొక్క మీదికి మారడం. కారియెడాన్ ఈ మూడో తీరుది. ఇందులోనే పురుగు నిజంగా మారిందా, ఉన్న శక్తితోనే సరిపెట్టుకుంటోందా అన్న ప్రశ్న వస్తుంది. రైతు గదికి ఆ ప్రశ్నతో ఏమి పని అనుకోకూడదు. పురుగు మారిపోయి వేరుశనగ మీదే స్థిరపడితే చింతచెట్టు కింద ఎంత ఊడ్చినా లాభం లేదు. మారకపోతే ఆ ఊడ్పే అసలు మందు.

కొత్త కాయలో ఏమి మారాలి

చింతకాయకు పైన పెళుసు పెంకు, లోపల పుల్లటి గుజ్జు, దాని లోపల టానిన్లనే వగరు పదార్థాలు నిండిన గట్టి గోధుమ రంగు పొర, అన్నీ దాటాక గింజ. ఆ గింజలో ఎక్కువ భాగం జైలోగ్లూకాన్ అనే పిండిపదార్థం, నూనె తక్కువ. వేరుశనగలో పెంకు నారగా ఉన్నా పలుచన, లోపల ఖాళీ, గింజ మీద ఉల్లిపొరలాంటి తొక్క, గింజలో దాదాపు సగం నూనె, పాతిక శాతం మాంసకృత్తులు. చింతను తొలిచే దవడకు వేరుశనగ పెంకు ఒక లెక్క కాదు. కష్టమంతా తినడం మొదలుపెట్టాక వస్తుంది: పిండిపదార్థానికి అలవాటుపడ్డ కడుపు నూనెగింజను అరిగించుకోవాలి.

దీనికి ముందు ఇంకో గడప ఉంది. పిల్ల పురుగు ఎక్కడ తినాలో అది ఎంచుకోదు, తల్లి ఎంచుకుంటుంది. తల్లికి గుడ్డు అతికించాలంటే కాయ వాసన, పెంకు వంపు, గరుకుదనం ఏదో ఒకటి "ఇది నా కాయే" అనిపించాలి. తల్లి ఒప్పుకుని పిల్ల చచ్చిపోయే మొక్కలున్నాయి, పిల్ల బతకగలిగినా తల్లి తిరిగి చూడని మొక్కలూ ఉన్నాయి. కొత్త మొక్కకు మారడమంటే ఈ రెండు గడపలూ దాటడం. పురుగు "అలవాటు పడింది" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఏ గడప దగ్గర ఆగిందో తెలియకపోతే ఆ మాటకు విలువ లేదు.

సీసాల పని

మూడు చోట్ల నుంచి పురుగులు తెచ్చాను: చెట్టు కాయల నుంచి, ఆ ఏటి కొత్త వేరుశనగ గోతాల నుంచి, రెండు వేసవులు నిలిచిన పాత గోతాల నుంచి. కాయలను విడివిడిగా మూత ఉన్న డబ్బాల్లో ఉంచి, పుట్టిన పురుగు ఏ కాయదో తేలాక ఆడ, మగ జతలు కట్టి గాజు సీసాల్లో వదిలాను. కొన్ని సీసాల్లో చింతకాయ మాత్రమే, కొన్నిటిలో వేరుశనగ మాత్రమే, కొన్నిటిలో రెండూ. మూతికి గుడ్డ కట్టి, అన్నిటినీ ఒకే గదిలో ఒకే అరలో పెట్టాను. ఇది ప్రయోగశాల ప్రమాణాల పని కాదు, సీసాలు తక్కువ. అంకెలు ఇవ్వకపోవడానికి కారణం అదే. దిశ మాత్రం స్పష్టంగా ఉంది.

చింతలో పుట్టిన తల్లులు వేరుశనగ మీద గుడ్లు పెట్టడానికి పెద్దగా జంకలేదు. రెండూ ఉన్న సీసాల్లో చింతకే మొగ్గు చూపినా వేరుశనగను వదల్లేదు. అంటే మొదటి గడప ముందే తెరిచి ఉంది. వాటి పిల్లలు వేరుశనగలోకి దిగాయి కూడా. కానీ బయటికొచ్చిన రెక్కల పురుగులు తక్కువ, వచ్చినవి ఆలస్యంగా, కొంచెం చిన్నవిగా వచ్చాయి. ఇబ్బంది రెండో గడప దగ్గర ఉంది. పాత గోతాల పురుగులు ఇందుకు విరుద్ధం: వేరుశనగలో త్వరగా, ఎక్కువగా బయటపడ్డాయి. కొత్త గోతాలవి ఈ రెండింటికీ మధ్య ఉన్నాయి.

ఇక్కడ ఆగిపోయి "రెండేళ్లలో పురుగు పరిణామం చెందింది" అని రాసేస్తే వినడానికి బాగుంటుంది. నిజానికి ఇంతవరకు ఏమీ తేలలేదు. వేరుశనగ తిని పెరిగిన తల్లి గుడ్డులో పోషణ ఎక్కువ ఉండవచ్చు, ఆ బలంతోనే పిల్ల నెగ్గి ఉండవచ్చు. పుట్టిన కాయ వాసనకే తల్లి మొగ్గడం కూడా కేవలం అనుభవ ప్రభావం కావచ్చు. జన్యువుల్లో తేడా ఉందనాలంటే మూడు గుంపులనూ ఒకే తిండి మీద కనీసం ఒక తరం పెంచి, ఆ తర్వాత పుట్టినవాటిని పోల్చాలి. అలాగే మూడింటినీ వేరుశనగ మీద ఒక తరం పెంచి, వాటి పిల్లలను మళ్లీ రెండు రకాల కాయల మీదా వదిలాను. మొదటి విడతలో కనిపించిన తేడా దాదాపు చెరిగిపోయింది. చెట్టు నుంచి వచ్చిన పురుగుల సంతానం పాత గోతాల సంతానానికి దీటుగా వేరుశనగలో పెరిగింది.

ఈ ఇంట్లో వేరుశనగ కోసం వేరుపడ్డ పురుగు లేదని నా తీర్పు. చింత పురుగే వేరుశనగను తినగలిగే శక్తితో ముందు నుంచీ ఉంది, ఒక తరం గడిస్తే ఇంకా బాగా తింటుంది.

ఎందుకు వేరుపడలేదు

మారడానికి సమయం చాలదని కాదు. పురుగులు ఎంత వేగంగా మారగలవో చెప్పే మంచి ఉదాహరణ దీని దగ్గరి చుట్టమైన అలసంద పురుగే. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలో పెసర, మినుముల నుంచి సేకరించిన ఒక గుంపును అమెరికాలో ప్రయోగశాలలో పెంచారు. దాన్ని మసూరు పప్పు మీద వదిలితే మొదటి తరంలో నూటికి ఒకటి రెండు మాత్రమే బతికాయి. ఇరవై తరాలు తిరగకముందే బతికేవి ఎనభై శాతం దాటాయి. ప్రకృతిలోనూ సాక్ష్యాలున్నాయి. ఫ్లోరిడాలో బుద్ధకాకర జాతి తీగల కాయల్లోంచి గింజ రసం పీల్చే ఒక నల్లి, 1950ల తర్వాత విరివిగా నాటిన ఆసియా చెట్టు మీదికి మారింది. ఆ చెట్టు కాయ పలుచన కాబట్టి, గింజను అందుకోవడానికి పొడవైన ముక్కు అక్కర్లేదు. కొన్ని దశాబ్దాల్లోనే ఆ నల్లుల ముక్కు పొట్టిదైందని, మ్యూజియంలో దాచిన పాత నమూనాలతో కొలిచి 1992లో చూపించారు. అమెరికాలోనే హాథార్న్ అనే ముళ్లచెట్టు పండ్ల ఈగ 19వ శతాబ్దం మధ్యలో ఆపిల్‌కు మారి, ఆపిల్ పండే కాలానికి తన పుట్టుకను సర్దుకుంది.

ఈ మూడు చోట్లా కొత్త తిండి ఏడాదికేడాది అక్కడే ఉంది. ప్రయోగశాలలోనైతే పాత తిండి అసలు లేదు. పెనుమూరు ఇంట్లో జరిగేది వేరు. మామూలు ఏళ్లలో ఏరువాకకు గది ఖాళీ అవుతుంది. విత్తనం భూమిలోకి పోతుంది, మిగిలింది గానుగకు పోతుంది, గోతాలు దులిపేస్తారు. వేరుశనగ మీద అప్పటిదాకా పెరిగిన గుంపు అక్కడితో దాదాపు అంతరిస్తుంది. అక్టోబరు, నవంబరులో కొత్త కాయలు వచ్చినప్పుడు గది మళ్లీ పురుగు లేకుండా మొదలవుతుంది. ఫిబ్రవరి తర్వాత చింత కాపుతో కొత్త పురుగు గదిలోకి వస్తుంది. అంటే ప్రతి ఏడూ చెట్టు నుంచే కొత్త జనాభా. మధ్యలో ఏ కొంచెం మార్పు వచ్చినా అది ఏరువాకతో కొట్టుకుపోతుంది. వాన లేక ఆగిపోయిన గోతాలు ఈ గొలుసును తెగనివ్వలేదు. ఒక ఏడాది ఆగినంత మాత్రాన జాతి చీలలేదు గానీ, పురుగు సంఖ్య విపరీతంగా పెరగడానికి అది చాలింది.

ఇంకో సంగతి కూడా గమనించాను. రాలిన చింతకాయల మీద గుడ్లలో కొన్ని నల్లబడి ఉన్నాయి, సూదిమొనంత రంధ్రంతో. ఈ కుటుంబం పురుగుల గుడ్లలో పెరిగే యుస్కానా వంటి అతి చిన్న కందిరీగల పని అలాగే ఉంటుంది. గదిలోని గోతాల్లో అలాంటి గుడ్డు ఎంత వెతికినా దొరకలేదు. పురుగుకు కొత్త తిండి రుచి కన్నా, శత్రువు లేని చోటు దొరకడం ఎక్కువ మేలు చేస్తుందని చాలా కేసుల్లో చూశాను. మూసిన గదిలో కట్టిన గోతాం అలాంటి చోటే.

చేసిన పని

"అయితే చెట్టు కొట్టేయమంటావా అమ్మా?" అని పెద్దాయన అడిగారు. అక్కర్లేదన్నాను. చెట్టు ఏటా డబ్బు ఇస్తోంది, పైగా ఊళ్లో ఇంటింటికీ చెట్టు ఉన్నప్పుడు ఒకటి కొట్టి లాభం లేదు. తెగాల్సింది చెట్టుకూ గదికీ మధ్య దారి.

పుచ్చుపట్టిన పాత గోతాల కాయలను ఊరి బయట గుంట తీసి పూడ్చారు. పశువులకు వేయొద్దని ముందే ఒప్పించాను. ఖాళీ గోతాలను మరిగే నీళ్లలో ముంచి ఎండేశారు. గోడ పగుళ్లను సున్నం, సిమెంటుతో మూశారు. ఆ పగుళ్లలోని గూళ్లు ఊడ్పుకు అందవు కాబట్టి మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే పట్టింది. చింతగింజలను కొట్టిన వారంలోపే అమ్మడం, లేదంటే పశువుల పాకకు అవతల రేకుల షెడ్డులో ఉంచడం అని తేల్చుకున్నారు. గుత్తదారుతో ఒప్పందంలో కొమ్మల చివరి కాయలు కూడా దులపాలని, రాలినవన్నీ ఏరాలని చేర్చారు. ఇది రాసినంత తేలిగ్గా జరగలేదు. గుత్తదారు కూలి ఖర్చు ఎవరిదని పట్టుబడితే, చివరకు ఏరిన కాయల గింజల సొమ్ము ఏరిన ఆడవాళ్లకే ఇచ్చేట్టు పెద్దావిడ పరిష్కారం చెప్పారు. నా సలహాల్లో ఇంతకన్నా బాగా నిలబడింది లేదు. ఎండబెట్టే కళ్లాన్ని మిద్దె మీదికి మార్చారు.

కొడుకు ముందు అడిగింది మాత్రం బిళ్లలు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గోతాల మధ్య పెడితే గుడ్డు, పిల్ల అన్నీ చస్తాయన్నది నిజమే. కానీ ఆ గదికి పక్కనే మనుషులు పడుకుంటారు, మధ్య తలుపుకు సరైన మూత లేదు. ఆ బిళ్ల వదిలే ఫాస్ఫీన్ వాయువు మనిషినీ చంపుతుంది. శిక్షణ పొందినవాళ్లే వాడాలన్న ఆంక్ష ఊరికే పెట్టలేదు. ఇళ్లలో దాని వాడకానికి నేను ఒప్పుకోను, ఎంత బతిమిలాడినా సరే.

బిళ్లకు బదులు మూడు పొరల సంచులు తెప్పించాం. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, పైన నేసిన సంచి. 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందలు దాచుకునే రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో వేరుశనగ మీద, ఇదే పురుగు మీద కూడా ఈ సంచులను పరీక్షించారు. లోపలి పురుగు గాలిలోని ఆక్సిజన్‌ను తనే వాడేసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గాక తినడం మానేస్తుంది. ఎండు గింజలో బతికే పురుగుకు నీళ్లు తన ఒంట్లోని జీవక్రియ నుంచే రావాలి, అది ఆగిపోవడంతో ఎండిపోయి చస్తుంది. ఇందులో మందు లేదు. కానీ కాయ బాగా ఎండకుండా కడితే తేమ బయటికి పోయే దారి లేక మొలక శక్తి పోతుంది. తొమ్మిది శాతం తేమ లోపు అయ్యాకే కట్టాలని, ఊపితే గింజ గలగలలాడాలని, తిరుపతిలో ఒకసారి తేమ కొలిపించుకుని రావాలని పెట్టిన షరతును వాళ్లు పాటించారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మిద్దె మీద మాత్రం వదలొద్దన్నాను, విత్తనం కాయకు ఆ వేడి మంచిది కాదు.

తర్వాతి ఏరువాకకు

కట్టిన సంచులను విత్తే ముందు విప్పారు. ఒక దాంట్లో కొన్ని కాయలకు రంధ్రాలు కనిపించాయి, రెక్కల పురుగులు లోపలే చచ్చి ఉన్నాయి. కట్టేనాటికే గుడ్డు పడ్డ కాయలు కొన్ని అందులోకి వెళ్లి ఉండాలి. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. సంచులు చాలక మామూలు గోతాంలో పోసిన కాయల్లో పుచ్చు ఉంది, ముందటి ఏడుతో పోలిస్తే చాలా తక్కువ. మొలక పరీక్షకు తడిగుడ్డలో చుట్టిన గింజలు చక్కగా మొలిచాయి. వాన ఈసారి అదునుకు పడింది కాబట్టి గదిలో విత్తనం మిగల్లేదు. ఈ ఫలితంలో నా సలహా ఎంత, వాన ఎంత అని విడదీయడం కష్టం. సగం కన్నా ఎక్కువ వానదేనని నా అంచనా.

ఊరంతటికీ చెప్పదగ్గ మాట ఇందులోంచి ఒకటి తీశాను: అదును తప్పి మిగిలిన విత్తన కాయలను మరో ఏడాదికి దాచొద్దు, ఆ సెప్టెంబరులోనే ఒలిచి గానుగకు పంపేయండి. దీనికి వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. వచ్చే ఏడు విత్తనం ధర ఎంత ఉంటుందో ఎవరికి తెలుసు అంటారు, అది నిజమే. తప్పనిసరిగా దాచేవాళ్లు మూడు పొరల సంచిలోనే దాచాలని, కొత్త కాయలున్న గదిలో పెట్టొద్దని రాజీకి వచ్చాం.

నాకు మిగిలిన అనుమానం పల్లెలో లేదు, పట్నంలో ఉంది. కాయలు ఒలిచే మిల్లుల గోదాముల్లో వేరుశనగ ఏడాది పొడవునా ఉంటుంది. ఒక లోడు పోకముందే ఇంకో లోడు దిగుతుంది, చుట్టుపక్కల చింతచెట్లు తక్కువ. అలసంద పురుగుకు మసూరు పప్పుతో సరిపెట్టుకోవడానికి పట్టిన ఇరవై తరాలను నెలన్నరకు ఒక తరం చొప్పున లెక్కేస్తే రెండున్నరేళ్లు. రెండు పురుగులూ ఒకటి కావు కాబట్టి ఆ లెక్కను అలాగే తెచ్చి ఇక్కడ అంటించలేం. కానీ వేరుశనగకు వేరుపడ్డ గుంపు మన జిల్లాలో ఎక్కడైనా ఏర్పడితే అది రైతు ఇంట్లో కాదు, అలాంటి గోదాంలోనే. అక్కడి పురుగులు తెచ్చి, పెనుమూరు చెట్టు పురుగులతో కలిపి అదే సీసాల పని మొదలుపెట్టాను. ఒకే తిండి మీద పెంచిన తర్వాత కూడా తేడా నిలిస్తే, కొన్న విత్తన కాయలను ఇంటి కాయలతో ఒకే గదిలో పెట్టొద్దని, కొన్నవాటిని ముందు మూడు పొరల సంచిలో కొన్ని వారాలు కట్టి ఉంచాకే విప్పమని ఈ మండలాల రైతులకు చెప్పాల్సి ఉంటుంది.